గేరు పడని బండి

ప్లేటు కొత్తది.
ప్రెషర్ ప్లేటు కొత్తది, బేరింగు కొత్తది,
చుట్టి వచ్చిన నూనె కాగితం ఇంకా నేల మీదే ఉంది.
తొమ్మిది వేల ఆరొందలు.
నాగుల్ మీరా బనీను జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి
చెమటకి తడిసిన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
అయినా గేరు పడదు.

ఇంజను ఆపి వేస్తే వెన్నలో వేలు దించినట్టు పడుతుంది.
స్టార్టు చేస్తే కర్ర్‌మని పళ్ళు నూరుతుంది.
పెడల్ నేల దాకా పోతోంది, క్లచ్చు విడవదు.
పట్టుకున్నది విడవకపోవడం
మనుషుల రోగమే అనుకునేవాణ్ణి.

బండి మీద తెనాలి నిమ్మకాయలు, ముప్పై ఎనిమిది బస్తాలు.
రాత్రి పదైనా ఆటోనగర్ రేకులు చల్లారలేదు.
కింది బస్తా చితికి
చాసిస్ వెంబడి జారిన చుక్క ఒకటి నా కంట్లో పడింది.
తిట్టాను.
నిమ్మకాయనో, బండినో, నన్నో.

గాలి చేరిందనుకున్నాను.
ఏసోబు పైన, నేను కింద.
"కొట్టు. కొట్టు. పట్టు."
నిపుల్ వదిలితే సన్నటి ధార, ఒక్క బుడగ లేదు.
మళ్ళీ పెట్టె దించాం.
ప్లేటు తిరగేసి పెట్టానేమోనని చూశాను, లేదు.
ఫోర్కు జారిందేమోనని చూశాను, లేదు.
భుజం మీద పెట్టె బరువు, ఛాతీ మీద గేరాయిలు.
కొట్టు బసివిరెడ్డికి ఫోన్ చేస్తే
"సామాను ఒరిజినల్. చెయ్యి చూసుకో" అన్నాడు.
చూసుకున్నాను.
ఇరవై ఆరేళ్ళ చెయ్యి.
గోళ్ళ కింద నలుపు తప్ప
ఏ తప్పూ కనపడలేదు.

పన్నెండున్నరకి సామ్రాజ్యం టీ తెచ్చింది.
గ్లాసులు బ్యాటరీ మీద పెట్టబోయి ఆగింది.
పైన ఏసోబు, పనిలేని కాలితో, ఊరికే తొక్కుతున్నాడు.
"ఏందయ్యా,
ఈ డబ్బా దణ్ణం పెడతాందేంది?"

మళ్ళీ తొక్కమన్నాను.
మాస్టర్ సిలిండర్ తల వంచింది.
వదలమన్నాను. ఎత్తింది.
అది బిగించిన రేకు గోడ
ఊపిరి తీసుకుంటున్న పొట్టలా
ముందుకీ వెనక్కీ.

తొక్కేవాడు పైన ఉన్నాడు,
చూసేవాడు కింద ఉన్నాడు.
సాయంత్రం నించీ మధ్యలో ఎవరూ లేరు.

మ్యాటు ఎత్తితే పగులు,
పాదం పగిలినట్టు, బొటనవేలంత.
చుట్టూ తుప్పు బెల్లం పొడిలా రాలింది.
పాత ప్లేటు స్ప్రింగు నీరసించింది, గోడా నీరసించింది,
ఒకదానికొకటి సర్దుకుని
ఎన్నేళ్ళు తిరిగాయో ఈ రోడ్ల మీద.
కొత్తది వచ్చి బిర్రుగా నిలబడేసరికి
గోడ సంగతి బయటపడింది.
తొక్కిన తొక్కులో సగం
ఆ రేకే మింగేసింది.

తుక్కు గుట్టలో ట్రాక్టరు బంపరు ముక్క దొరికింది.
నిమ్మకాయల గోతం తడిపి వైర్ల మీద కప్పి
నాలుగు వైపులా వెల్డింగు పెట్టాను.
పులుపూ పొగా కలిసిన ఆ వాసన
ఇప్పటికీ నా చొక్కాలో ఉంది.

మూడింటికి ఫస్టు గేరు పడింది.
చప్పుడు లేదు.
చప్పుడు లేదని నమ్మక
నాగుల్ మీరా తీసి, మళ్ళీ వేసి,
మళ్ళీ తీసి వేశాడు.
రెండోసారి పెట్టె దించిన కూలీ రాయలేదు నేను.
వెల్డింగు రెండొందలు.
వాడు ఇరవై నిమ్మకాయలు తీసి బల్ల మీద పోసి
రాజమండ్రి వైపు పోయాడు.

పాలు అయిపోయాయని సామ్రాజ్యం
నల్ల టీలో నిమ్మకాయ పిండింది.
"టీ డబ్బులు సరే,
డబ్బా చూసిన డబ్బులో?"
నవ్వబోయి
కంట్లో మంట గుర్తొచ్చింది.

చెక్క పలక మీద ఏసోబు నిద్రపోతున్నాడు.
వాడి ఎడమ కాలు
ఇంకా తొక్కుతోంది.